ధర పక్కన కాలం కూడా రాయండి

సంపాదకుల వారికి నమస్కారం.

గత వారం మీ పత్రిక జిల్లా పేజీలో టమాట ధర గురించి పెద్ద వార్త వేశారు. కిలో ఎంతకు చేరిందో, కొనేవాళ్లు ఏమంటున్నారో, ఫొటోతో సహా రాశారు. సరిగ్గా ఆ రోజు పొద్దున నేను మహబూబ్‌నగర్‌లో ఇరవై రూపాయలకు నాలుగు పుంటికూర (గోంగూర) కట్టలు కొన్నాను. వానకు కడిగినట్టున్న ఆకు, ఒక్క పుచ్చు లేదు. ఆ సంగతి మీ వార్తలో ఎక్కడా కనిపించలేదు. అందుకే ఈ ఉత్తరం రాస్తున్నాను. కొంచెం పెద్దదే అయింది, ఓపిక చేసుకుని చదవండి.

నేను పదకొండేళ్లుగా ఇంట్లోనే చిన్న మెస్ నడుపుతున్నాను. నలభై మంది దాకా తింటారు. డిగ్రీ పిల్లలు, బీఈడీ చదివేవాళ్లు, పోటీ పరీక్షలకు కూర్చున్నవాళ్లు, కుటుంబాన్ని ఊళ్లో పెట్టి ఇక్కడ ఉద్యోగం చేసుకునేవాళ్లు ఇద్దరు ముగ్గురు. నెలకు ఇంతని ఒకటో తారీఖు తీసుకుంటాను. నెల మధ్యలో కూరగాయలు పిరమైనయని పిల్లలను ఇంకో వంద అడగలేను. వాళ్ల ఇండ్లల్లో పత్తి అమ్మి, వడ్లు అమ్మి పంపే పైసలవి. ధర పెరిగితే ఆ బరువు నేనే మోయాలి. మెస్ పెట్టిన మొదటి ఏడాది జూన్, జూలై నెలల్లో గ్యాస్ సిలిండర్‌కు కూడా అప్పు చేశాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

అప్పటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. ఏ రోజు ఏం కొన్నాను, ఎంతకు కొన్నాను, ఇంటికి తెచ్చి ఏరితే వండడానికి ఎంత మిగిలింది అని మూడు గడులు. ఆ మూడో గడి మా అత్తమ్మ చెప్పి పెట్టించింది. "కొన్న ధర కాదమ్మా, కుండల పడ్డ ధర చూడు" అనేది. చవగ్గా వచ్చిందని తెచ్చిన వంకాయల్లో సగం పుచ్చులైతే కిలో ధర రెండింతలైనట్టే కదా. పచ్చి బఠానీ కిలో కొంటే పొట్టు తీశాక సగమే మిగులుతుంది. కాలం కాని కాలంలో వచ్చే గోబిపువ్వు ఆకులు, కాడలతోనే తూగుతుంది. ఇప్పటికి పది పుస్తకాలు నిండాయి. అవన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే తేదీలు కొంచెం ముందూ వెనుకా అవుతాయే తప్ప, ఏ నెలలో ఏది చవకో ఏటా దాదాపు ఒకే తీరుగా ఉంటుంది.

టమాట సంగతే తీసుకుందాం. మే నెల ఎండలకు పూత నిలవదు, రాలిపోతుంది. మన పాలమూరులో చాలా బోర్లు అప్పటికే తగ్గి ఉంటాయి. జూన్‌లో నాటిన మొక్క కాయడానికి రెండు నెలలు పైనే పడుతుంది. అది కాసేదాకా మనం తినేది చాలా వరకు మదనపల్లె నుంచి, కోలారు వైపు నుంచి లారీలో వచ్చిన కాయ. దారి ఖర్చు, దారిలో నలిగిన కాయల నష్టం, అన్నీ మన కిలోలోనే కలుస్తాయి. ఒకట్రెండు ఏండ్లు తప్పితే ప్రతి ఏడూ ఇదే జరుగుతోంది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు దేశమంతా గగ్గోలైంది. నా పుస్తకంలో ఆ నెల మొత్తం టమాట అన్న మాట మూడు సార్లే ఉంది.

ఆ నెలలో ఒక పిల్లవాడు అడిగాడు, "అక్కా, పప్పులో టమాట ఎందుకు వేస్తలేరు?" అని. నేను వాడిని వంటింట్లోకి పిలిచి పుస్తకం చూపించాను. నలభై మంది పప్పులోకి మూడు కిలోల టమాట కావాలి. ఆ రోజు ధరకు మూడు వందలు పైన. అదే పప్పులోకి పదిహేను కట్టల పుంటికూర వేస్తే డెబ్బై ఐదు. పులుపు పులుపే, పైగా ఆకుకూర కడుపులోకి పోతుంది. వాడు లెక్కల్లో ఎంఎస్సీ చదువుతున్నాడు, ఇంకేం మాట్లాడలేదు. మరుసటి రోజు పప్పు రెండోసారి పెట్టించుకున్నాడు.

పులుపు కోసం టమాట ఒక్కదాని మీదే పడటం మన ఇండ్లల్లో ఈ మధ్య వచ్చిన అలవాటు. మా అమ్మ ఏడాది మొత్తం పులుపును కాలం చూసి మార్చేది. మాఘ, ఫాల్గుణాల్లో కొత్త చింతపండు కొని, గింజ తీసి, ఉప్పు కలిపి కుండకెత్తేది. ఉగాది నుంచి మామిడికాయ. ఎండాకాలం చింతచిగురు. వాన పడగానే పుంటికూర. తర్వాత చుక్కకూర. చలికాలంలో పచ్చి చింతకాయ తొక్కు. టమాట మధ్యలో వచ్చిపోయేది, అంతే. ఆమెకు ఎవరూ ధరల పట్టిక చదివి చెప్పలేదు. అంగడికి పోతే కళ్ల ముందు ఏది కుప్పలుగా ఉంటే అది ఆ వారం కూర.

ఇప్పుడు ఇదే టమాట చలికాలం సంగతి చెప్తాను. నా బాధ అసలు ఇక్కడ ఉంది. డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా మన చుట్టుపక్కల పల్లెల కాయంతా ఒకేసారి మార్కెట్‌కు వస్తుంది. పోయిన మాఘంలో నేను ఇరవై ఐదు కిలోల ట్రే రెండు వందలకు కొన్నాను. ఇచ్చిన రైతు ముఖం చూడలేకపోయాను. కోత కూలీ, ఆటో కిరాయి పోతే అతనికి ఏం మిగిలిందో తెలియదు. ఇంకో యాభై నేనే ఇచ్చాను. అలాంటి రోజుల్లో మీ పత్రికలో కూడా వార్త వస్తుంది, రోడ్డు మీద పారబోసిన టమాటల ఫొటోతో. చదివి అందరం అయ్యో అనుకుంటాం. కానీ ఆ వారం ఇంటికి రెండు కిలోలు ఎక్కువ కొని ఎండబెట్టుకోండి అని ఏ పత్రికా రాయలేదు. ధర పెరిగినప్పుడు కొనేవాడి వార్త, పడినప్పుడు అమ్మేవాడి వార్త. ఈ రెండు వార్తలూ ఒకే టమాట గురించి, ఐదు నెలల తేడాతో వచ్చినవి. మొదటిది చదివిన గృహిణికి రెండోది తన వంటింటి వార్త అని తెలిస్తే కొంతైనా ఇద్దరికీ మేలు జరిగేది కదా.

నేను ఏటా సంక్రాంతి దాటాక నాలుగు ట్రేలు తీసుకుంటాను. కాయను నాలుగు ముక్కలు చేసి, ఉప్పు చల్లి, మిద్దె మీద పాత పంచెలు పరిచి వారం రోజులు ఎండబెడతాను. రాత్రి మంచుకు తడవకుండా లోపలికి తేవాలి, లేకపోతే బూజు పడుతుంది. ఇరవై కిలోలు ఎండితే కిలోన్నర కూడా కావు, అంత నీళ్లుంటాయి అందులో. ఆ ఒరుగులే జూన్, జూలైలలో చారుకు, పప్పుకు ఆధారం. కొంత తొక్కు పెడతాను. మా వీధిలో ఇప్పుడు ముగ్గురు ఆడవాళ్లు నాతో పాటే ఎండబెడుతున్నారు.

ఉల్లిగడ్డ కూడా అంతే. యాసంగి పంట ఏప్రిల్, మేలలో వస్తుంది, మెడ సన్నగా ఎండి గట్టిగా ఉంటుంది, గాలి ఆడే చోట ఆరబోస్తే వానాకాలం మొత్తం ఆగుతుంది. వానాకాలం గడ్డ నిలవదు. దేవరకద్రలో ఉల్లి వేలం జరిగే రోజుల్లో మా ఆయన ఇద్దరు తోటి ఉద్యోగులతో కలిసి పోయి మూడు బస్తాలు తెచ్చి పంచుకుంటారు. ఒక్క ఇంటికి బస్తా ఎక్కువైతే నలుగురు కలిసి కొనొచ్చు, అందులో నామోషీ ఏమీ లేదు.

పండ్ల గురించి చెప్పాలంటే నా పుట్టింటికి పోవాలి. మాది దేవరకొండ దగ్గర ఊరు. మా నాయినకు రెండెకరాల బత్తాయి తోట ఉండేది, రెండు వందల పైచిలుకు చెట్లు. నాటిన ఐదో ఏటికి గాని కాపు మొదలు కాలేదు. ఒక కరువేడు బోరు ఎండితే ట్యాంకర్లతో నీళ్లు కొని చెట్లకు పోశాడు. మా పెళ్లిళ్ల కోసం దాచిన పైసల్లోంచే తీసి పోశాడని తర్వాత తెలిసింది. అందుకని బత్తాయి విషయంలో నేను ఎవరేమన్నా ఊరుకోను.

బత్తాయి మన నల్లగొండ పండు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో సీజన్ కాపు, మార్చి, ఏప్రిల్‌లలో కత్తెర కాపు. ఆ రెండు కాపుల్లో తోట దగ్గర టన్ను ధర పడిపోతుంది. కానీ ఊళ్లల్లో బండి మీద డజను ధర మాత్రం కదలదు. ఎందుకంటే కాయలో ఎక్కువ భాగం లారీలెక్కి ఢిల్లీ వైపు పోతుంది, మనకు మిగిలింది చేతులు మారి వస్తుంది. 2020లో లాక్‌డౌన్ పడి లారీలు ఆగినప్పుడు కత్తెర కాయ మా వీధికే సంచుల్లో వచ్చింది. మా పిల్లలు అప్పుడు తిన్నంత బత్తాయి మళ్లీ తినలేదు. దగ్గరి జిల్లా పండు మన పిల్లల నోటికి అందడానికి అంత పెద్ద కష్టం రావాల్సి వచ్చింది.

బత్తాయి కొనేటప్పుడు చాలామంది నున్నగా, పసుపు రంగులో మెరిసే కాయను ఏరుకుంటారు. గోధుమ రంగు మచ్చ ఉన్నదాన్ని పక్కన పడేస్తారు. ఆ మచ్చను మా వైపు మంగు అంటారు. సన్నటి నల్లి కాయ పిందెగా ఉన్నప్పుడు తొక్క మీద రసం పీలిస్తే అలా గరుకుగా అవుతుంది. అది తొక్కకు పట్టిన మచ్చే గాని లోపలి తొనలకు ఏమీ కాదు. మా నాయిన ఇంటికి మంగు కాయలే తెచ్చేవాడు, నునుపు కాయ మార్కెట్‌కు పంపేవాడు. మేం ఐదుగురం పిల్లలం ఆ కాయలు తినే పెరిగాం. మంగు అంటే వ్యాపారి రైతుకు ధర కోస్తాడు, మళ్లీ బండి మీద కూడా అది తక్కువకే దొరుకుతుంది. జ్యూస్ కోసం కొనేవాళ్లు నిశ్చింతగా మంగు కాయ కొనండి. చూడాల్సింది రంగు కాదు, బరువు. చేతిలో పెట్టుకుంటే కాయ సైజు కంటే బరువుగా అనిపించాలి, తొక్క పలచగా ఉండాలి. ఇంకో సంగతి, బత్తాయి చెట్టు నుంచి తెంపాక తియ్యబడదు. పుల్లటి కాయను ఇంట్లో పెట్టి వారం ఆగినా పుల్లగానే ఉంటుంది. ద్రాక్ష, దానిమ్మ కూడా అంతే. వాటిని తిని చూసి కొనాలి. మామిడి, సీతాఫలం, సపోట, జామ వేరు, అవి తెంపాక కూడా మాగుతాయి, కాబట్టి కొంచెం గట్టిగా ఉన్నప్పుడే తక్కువకు కొని ఇంట్లో మాగబెట్టుకోవచ్చు.

కానీ మాగడానికి కాయ ముదరాలి. కొల్లాపూర్ బేనిషాన్ మామిడికాయను నేను పచ్చిగా కొంటాను. బకెట్ నీళ్లలో వేస్తే ముదిరిన కాయ మునుగుతుంది, లేత కాయ తేలుతుంది. మునిగిన వాటిని వరిగడ్డిలో పెడితే నాలుగైదు రోజులకు ఇల్లంతా వాసన. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మాగబెట్టడం చట్ట ప్రకారం నిషేధం. ఇథిలీన్ వాయువుకు మాత్రం 100 పీపీఎం (పది లక్షల పాళ్లలో వంద పాళ్లు) వరకు అనుమతి ఉంది. కార్బైడ్ కాయ పైకి నిమ్మపండు రంగులో ఒకే తీరుగా మెరుస్తుంది, వాసన ఉండదు, కోస్తే టెంక దగ్గర పులుపు. ఏప్రిల్ మొదట్లోనే పండు తినాలన్న ఆత్రం మనం తగ్గించుకుంటే ఈ బాధ చాలా వరకు ఉండదు.

సీతాఫలం గురించి ఒక్క చేదు అనుభవం రాస్తాను. రెండేండ్ల కింద బతుకమ్మ ముందు హైదరాబాద్ నుంచి వస్తూ బాలానగర్ దాటాక రోడ్డు పక్కన ఒక బుట్ట కొన్నాం. బాలానగర్ పేరుతోనే సీతాఫలం రకం ఉందంటే మన జిల్లాకు ఎంత గర్వమో. పై వరుస చక్కటి కాయలు. ఇంటికొచ్చి చూస్తే కిందంతా నిమ్మకాయంత లేత పిందెలు. బియ్యంలో పెట్టాం, గడ్డిలో పెట్టాం, సగం నల్లబడి రాళ్లలా అయిపోయాయి. కన్ను విచ్చని కాయ ఎన్ని రోజులు పెట్టినా అంతే. కాయ మీది కండ్లు విడిపోయి, మధ్య గీతలు మీగడ రంగుకు తిరిగితేనే అది పండుతుంది.

పోయిన ఏడు మళ్లీ అదే దారిలో ఆగి, కాయలు ఏరుకొచ్చే ఒక ముసలమ్మను అడిగాను, ఇంత లేతగా ఎందుకు తెంపుతున్నరవ్వా అని. "ఆగితే చెట్టు మీద ఉండనియ్యరు బిడ్డా. నేను తెంపకుంటే ఇంకొకరు తెంపుతరు. గుట్ట చెట్టుకు కావలి ఎవరుంటరు?" అన్నది. ఆమె తప్పు కనిపించలేదు నాకు. ఆశ్వయుజం రాకముందే బుట్ట కావాలని కారు ఆపేది మనమే. కన్ను విచ్చని కాయ మాకొద్దని పది రోజులు కార్లు కొనకుండా పోతే, పదకొండో రోజు ఆ కాయ చెట్టు మీదే ఉంటుందని నా నమ్మకం. ఇప్పుడు నేను బుట్ట కొనను. చేత్తో ఏరి పది కాయలు తీసుకుంటాను, అడిగినంత ఇస్తాను.

అడిగినంత ఇవ్వడం గురించి ఒక మాట. కాలంలో కొనమంటే గీసి గీసి బేరమాడమని కాదు. గంపలో పది కట్టలు పెట్టుకుని కూర్చున్న అవ్వ దగ్గర నేను బేరం చేయను. "నిన్నటి కూర కాదు బిడ్డా, పొద్దుగాల కోసుకొచ్చిన" అంటుంది, వేళ్లకు ఇంకా మన్ను ఉంటుంది. ఆమె దగ్గర రెండు రూపాయలు తగ్గించి నేను బాగుపడేది లేదు. కాలం తెలిసి కొంటే మిగిలే డబ్బు దానికి పదింతలు. అట్లని కాలంలో వచ్చేవన్నీ చవక కూడా కావు. ఇప్పుడు తొలకరికి వస్తున్న బోడకాకర పావు కిలో కొనాలన్నా ఆలోచించాలి. అడవిలో, గట్ల మీద వెతికి ఏరుకొచ్చే కాయ, రోజులు కూడా తక్కువ. అది ఏడాదికి రెండుసార్లు నాలుక కోసం కొనుక్కోవాలి, అంతే.

తూకం దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. కాంటా మీద ప్రభుత్వ ముద్ర ఉండాలని 2009 తూనికలు కొలతల చట్టం చెప్తోంది. నేను సంచిలో కిలో ఉప్పు ప్యాకెట్ వేసుకుని పోతాను. అనుమానం వస్తే "ఒకసారి దీన్ని పెట్టు తమ్మీ" అంటాను. కవరుతో కలిపి కిలోకు పిసరంత ఎక్కువ చూపించాలి. ఒక చోట పదకొండు వందల గ్రాములు చూపించింది. గొడవ పడలేదు, ఆ రోజు నుంచి అక్కడ కొనడం మానేశాను. మాట వినకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు, అది వినియోగదారుల హెల్ప్‌లైన్.

1999 జనవరిలో ఉమ్మడి రాష్ట్రంలో రైతు బజార్లు మొదలైనప్పుడు నాకు పెళ్లయిన కొత్త. రైతు నేరుగా అమ్ముతాడు, పొద్దునే ధరలు బోర్డు మీద రాస్తారు అంటే మా అత్తమ్మ నమ్మలేదు. ఆ బోర్డు చదివి వినిపించడం నా పని. ఆమెకు చదువు రాదు. ఇప్పుడు నేను కొనే చోట్లలో ఒక దగ్గర బోర్డు వారం కిందటి ధరలతోనే ఉంటోంది. ఏది ఏ ఊరి నుంచి వచ్చిందో రాసే గడి ఎక్కడా లేదు. బోర్డు మీద కాయ పేరు, ధర, దాని పక్కన ఊరి పేరు రాస్తే చాలు, కొనేవాళ్లకు సగం సంగతి తెలిసిపోతుంది. బీరకాయ పక్కన మన మండలం పేరు, టమాట పక్కన మదనపల్లె పేరు కనిపిస్తే ఆ రోజు కూర ఏదో ఆడపిల్లలు, మగపిల్లలు ఎవరైనా తేల్చుకోగలరు.

మీకు నా విన్నపం ఇదీ. మీ జిల్లా పేజీలో రోజూ కూరగాయల ధరల పట్టిక వేస్తున్నారు. అందులో ఇరవై పేర్లు, ఇరవై అంకెలు ఉంటాయి. దాని కింద ఒక్క వరుస కలపండి. ఈ వారం మన జిల్లాలో ముమ్మరంగా కాస్తున్నవి ఇవి, వచ్చే పదిహేను రోజుల్లో తగ్గేవి ఇవి, పెరిగేవి ఇవి అని. మార్కెట్ వాళ్లను, ఉద్యాన శాఖ వాళ్లను అడిగితే మీ విలేకరికి పది నిమిషాల పని. పంట ధర పడిపోయిన వారం అదే వరుసను కొంచెం పెద్ద అక్షరాల్లో వేయండి, నిలవ చేసుకునే పద్ధతి రెండు వాక్యాల్లో రాయండి. పద్ధతులు కావాలంటే మా వీధి ఆడవాళ్లం రాసి ఇస్తాం, పైసా అడగం.

నా పది పుస్తకాలు కూడా మీకు చూపించడానికి సిద్ధం. అక్షరాలు బాగుండవు, కొన్ని పేజీల మీద నూనె మరకలున్నాయి గాని అంకెలు అన్నీ కనిపిస్తాయి.

ఈ వారం వరుసకు నేనే మొదలు పెడుతున్నాను. పుంటికూర, గంగవాయిలికూర, కొయ్యగూర ముమ్మరం. బీర, సొర ఇప్పుడిప్పుడే దిగుతున్నాయి, ఇంకో రెండు వారాలు ఆగితే మేలు. అల్లనేరేడు చివరికొచ్చింది, ఈ ఆదివారం దాకా దొరకొచ్చు. టమాటకు ఇంకా తొందర వద్దు.

ఇట్లు
మెస్ నడిపే ఒక గృహిణి
మహబూబ్‌నగర్